పిట్టల్ని చూస్తే ఏమొస్తుంది?

ప్రశ్న: నా వయసు 49. గుంటూరులో ఒక బ్యాంకులో పనిచేస్తాను. మా అబ్బాయి పైచదువులకి విదేశం వెళ్ళి ఏడాది దాటింది. వాడు వెళ్ళాక పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కడం అలవాటైంది. పక్కన ఖాళీ స్థలం, అందులో ఒక వేపచెట్టు, కాస్త అవతల రెండు తాడిచెట్లు. వాటిమీద వాలే పిట్టల్ని చూస్తూ కూర్చుంటాను, ఒక నోటుబుక్కులో రాసుకుంటాను కూడా. మావారికి ఇదంతా నవ్వులాట. "పిట్టల్ని చూస్తే ఏమొస్తుంది?" అంటారు. మా బ్రాంచిలో ఒకావిడ కేకులు చేసి అమ్ముతుంది. ఇంకొకావిడ మగ్గం వర్క్ నేర్చుకుని ఛానెల్ పెట్టింది. హాబీ అంటే అలా ఉండాలేమో, నాది ఉత్త కాలక్షేపమేమో అనిపిస్తోంది. పైగా ఆ ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్ లేస్తుందట. చెట్టు పోతే నా సరదా కూడా పోయినట్టే. ఏదైనా పనికొచ్చేది నేర్చుకోమంటారా? అసలు పిట్టల నుంచి మనం నేర్చుకునేది నిజంగా ఏమైనా ఉందా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. పిట్టల నుంచి నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఇరవై ఏళ్ళకి పైగా వాటి వెంట తిరిగిన మనిషిగా చెబుతున్నాను, వాటి బతుకులోంచి మన బతుక్కి నీతులు ఏరుకోబోతే చేతులు కాలతాయి. కానీ రోజూ ఒకచోట కూర్చుని వాటిని చూడడం ఉంది చూశారూ, అది మాత్రం మనిషిని మారుస్తుంది. ఈ రెండూ ఒకటి కాదు.

గిజిగాడినే తీసుకోండి. కష్టపడి ఇల్లు కట్టుకునే సంసారిగా మన కథల్లో అతనికి మంచి పేరు. మీకు కనబడే తాడిచెట్లకి ఈ వానాకాలం గూళ్ళు వేలాడితే కాస్త ఓపిగ్గా గమనించండి. వానలు పడగానే మగపిట్ట తలకి పసుపురంగు వస్తుంది. గడ్డిపోచలు, వరి ఆకులు, తాటాకు చీలికలు తెచ్చి అల్లడం మొదలుపెడుతుంది. గూడు మొత్తం అయ్యేసరికి సుమారు 18 రోజులు పడుతుంది. అయితే 8 రోజుల పని కాగానే, గూడు బోర్లించిన టోపీలా సగంలో ఉండగానే, అల్లిక ఆపేస్తుంది. దాన్ని పట్టుకుని వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. వచ్చినావిడ లోపలికి దూరి అన్నీ చూసుకుంటుంది. నచ్చితే ఉంటుంది, లేకపోతే పోతుంది. నచ్చిందని తేలాకే మిగతా సగం, ఆ పొడుగాటి గొట్టంతో సహా, పూర్తవుతుంది. ఎవరికీ నచ్చనివి సగంలోనే ఉండిపోతాయి. తాడిచెట్టు కింద నిలబడి పైకి చూస్తే అలాంటివి నాలుగైదైనా కనబడతాయి.

ఇక్కడిదాకా నీతికథకి పనికొస్తుంది. ఆ తర్వాతే చిక్కు. ఆవిడ గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చోగానే, మన సంసారి అదే చెట్టుమీద మరో గూడు మొదలెట్టి మరొకావిడని పిలుస్తాడు. గుడ్లు పొదిగేది ఆవిడొక్కతే.

ఈ రెండో సంసారం గుట్టు బయటపెట్టింది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. అది కూడా ఉద్యోగం లేని రోజుల్లో. 1930లో ఆయన జర్మనీలో చదువు ముగించుకుని బొంబాయి తిరిగొచ్చేసరికి, అంతకుముందు మ్యూజియంలో చేసిన ఉద్యోగాన్ని డబ్బుల్లేక ఎత్తేశారు. చేసేదిలేక దగ్గర్లోని కిహీం అనే సముద్రపు ఒడ్డు పల్లెలో కాపురం పెట్టాడు. అక్కడ ఇంటి దగ్గరే గిజిగాళ్ళు గూళ్ళు కడుతుంటే వానాకాలమంతా వాటిని చూస్తూ కూర్చున్నాడు. మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేయడానికి ఆయన వచ్చింది ఆ తర్వాతే. ముప్పై మూడేళ్ళ మగవాడు, పనీపాటా లేకుండా, చెట్టుకేసి చూస్తూ నెలలు గడుపుతుంటే మీవారు అడిగిన ప్రశ్న ఆయన్ని ఎంతమంది అడిగి ఉంటారో! ఆయన భార్య తెహ్మినా అడిగి ఉండదనుకుంటాను. తర్వాతి సర్వేల్లో ఆవిడ కూడా ఆయన వెంట అడవులు తిరిగింది.

ఇక కోకిల. గాయనికి సన్మానం చేస్తే చాలు, కోకిల అని బిరుదు ఇచ్చేస్తాం. గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ కూసేది మగది. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్ళు. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, దాని గొంతు ‘కిక్ కిక్ కిక్’ అని కరుకుగా ఉంటుంది. ఎండాకాలం పోయాక కోకిల ఎటో వెళ్ళిపోయిందనుకుంటాం. ఎటూ పోదు. కూయడం మానేసి అదే చెట్లమీద పళ్ళు తింటూ ఉంటుంది. మీరు దూరాన ఉన్న అబ్బాయి గురించి రాశారు కాబట్టి ఇక్కడ ఆగి, "కూత వినబడనంత మాత్రాన దూరమైనట్టు కాదమ్మా" అని మిమ్మల్ని ఓదార్చొచ్చు. చదవడానికి బాగుంటుంది కూడా. కానీ అదే కోకిల తన గుడ్డుని కాకిగూట్లో వదిలేసి మళ్ళీ అటువైపు చూడదని మీకు తెలుసు. అప్పుడు నా ఓదార్పు ఏం కావాలి? అందుకే పిట్టల్ని అడ్డం పెట్టుకుని నీతులు చెప్పేవాళ్ళని నేను నమ్మను.

మరి చూడడం ఏం నేర్పుతుందంటారా? మా కాలనీ మైదానంలో జరిగింది చెబుతాను. అక్కడ తీతువుల జంట ఒకటి ఉండేది. తీతువు అరిస్తే కీడని మనవాళ్ళ నమ్మకం. రాత్రిపూట ఇంటిమీదుగా అరుచుకుంటూ పోతే పెద్దవాళ్ళు ‘శివశివా’ అనుకునేవారు. వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దమనిషి నెత్తిమీద ఇవి వరసగా నాలుగు రోజులు ఎగిరి అరిచాయి. అయ్యబాబోయ్ అపశకునం అని ఆయన ఆ మూలకి వెళ్ళడం మానేసి రోడ్డుమీద నడవడం మొదలుపెట్టాడు. తీతువు చెట్టుమీద గూడు పెట్టదు. నేలమీదే చిన్న గుంట చేసి, చుట్టూ గులకరాళ్ళు పేర్చి, అందులో గుడ్లు పెడుతుంది. ఆ రాళ్ళ పక్కన గుడ్లు కనిపెట్టడం కష్టం, కాలికింద పడినా తెలియదు. మనిషి అటు రాగానే అరిచి గోల చేయడమే దానికున్న కాపలా. ఆయన దారి మార్చుకోవడమే దానికి కావలసింది. ఒకే అరుపు, ఆయన లెక్కలో అది ఆయన గురించి. ఒక గంట పక్కన కూర్చుని చూసినవాళ్ళకి అది ఆయన గురించి కానే కాదు.

ఇలా కొన్నాళ్ళు చూశాక ఇంట్లో ఎవరో విసుక్కున్నా, ఆఫీసులో ఎవరో మొహం తిప్పుకున్నా, ముందు కారణం నాలో వెదుక్కోవడం తగ్గింది. గుడ్లెక్కడున్నాయో చూద్దాం అనిపిస్తుంది.

మీ నోటుబుక్కు సంగతి రాశారు, అందులో ఏం రాస్తారో రాయలేదు. పేర్లు మాత్రమే రాస్తుంటే ఒక మాట. తెలియని పిట్ట కనబడగానే పేరు కోసం ఫోన్ తీయకండి. మెర్లిన్ లాంటి యాప్‌లు కూత విని పేరు చెబుతాయి, డబ్బులు కూడా అక్కర్లేదు, నేనూ వాడతాను. అయితే అది తర్వాతి పని. ముందు కనబడింది రాయండి: ‘ఆరుంపావు, వేపకొమ్మ, కాకికన్నా చిన్నది, గోధుమరంగు, తెల్లచుక్కలు, తోక పొడుగు, కాకి తరిమితే పారిపోయింది.’ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. పేరు రేపైనా దొరుకుతుంది. చూసినది ఆ నిమిషంలో రాయకపోతే మధ్యాహ్నానికి మనసు దానికి ఏవేవో రంగులు పులిమేస్తుంది. ప్రశ్నార్థకాన్ని వారాల తరబడి అలాగే ఉంచగలగడం చదువుకున్నవాళ్ళకి, ముఖ్యంగా కౌంటర్లో కూర్చుని అందరికీ ఠక్కున జవాబు చెప్పే ఉద్యోగస్తులకి, చాలా కష్టం. అది అలవాటైతే మీ కౌంటరు ముందు గొంతు పెంచే పెద్దాయన కూడా వేరేలా కనబడతాడు. ‘గొడవమనిషి’ అనేది మనం పెట్టిన పేరు. కళ్ళకి కనబడేది, పింఛను పడిందా అని మూడోసారి అడుగుతున్నాడు, పాసుబుక్కు దూరంగా పట్టుకుని చదవబోతున్నాడు.

ఈ వరసలో కలివికోడి కథ మీకు చెప్పకుండా ఉండలేను. మన రాష్ట్రపు పిట్ట. ఇంగ్లీషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు, 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత దాన్ని చూశామన్నవాళ్ళు లేరు. వెదికారు, దొరకలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల కింద, రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టే ఒక పల్లెటూరి మనిషి రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకొచ్చాడు. అది చీకటిపడ్డాక తిరిగే పిట్ట. పగలంతా వెదికితే ఎలా దొరుకుతుంది? కలివిపొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి అని అక్కడివాళ్ళు దానికి పేరు కూడా పెట్టుకున్నారు. లోకం లేదనుకున్న పిట్టకి ఆ ఊళ్ళలో పేరుంది! ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, దీనికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. కాపాడడానికి ఇంత చేసినా కనబడడం మాత్రం ఇప్పటికీ అరుదే.

మీవారికి ఆసక్తి లేదని మీరు తేల్చేశారు కదా, ఏ వేళప్పుడు చూసి తేల్చారు? పొద్దున్నే, ఆయన చేతిలో పేపరు ఉన్నప్పుడా? మనిషిని కూడా వేళ మార్చి వెదకాలి. రాత్రి భోజనాల దగ్గర గిజిగాడి రెండో సంసారం సంగతి ఎత్తి చూడండి. నవ్వితే సరే. నవ్వకపోయినా పోయేదేం లేదు. ఆయన్ని డాబా ఎక్కించడం మీ బాధ్యత కాదు. ఇద్దరూ అన్నీ కలిసే చేయాలన్న రూలు పెళ్ళిలో ఎక్కడా లేదు.

‘పనికొచ్చేది’ గురించి. కేకులు అమ్మేవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు. పుట్టినరోజులు ఎవరికి మాత్రం రావు? కానీ అమ్మడం మొదలయ్యాక ఆర్డర్లుంటాయి, గడువులుంటాయి, "పోయినసారి క్రీము తక్కువైందండీ" అనేవాళ్ళుంటారు. అది రెండో ఉద్యోగం. కావాలనుకున్నవాళ్ళు చేసుకోవచ్చు. మీకు పగలంతా లెక్కలే. తెల్లారగట్ల ఆ అరగంటకి కూడా లెక్క అప్పజెప్పాలా? బాగా చేయకపోయినా ఫరవాలేని పని, ఎవరూ మార్కులు వేయని పని ఒకటి మన వయసులో ఉండి తీరాలి. ఛానెల్ పెట్టకండి. ఎవరైనా పెట్టమన్నా పెట్టకండి.

మీవారు లెక్కే కావాలంటే, ఒకటుంది. మన దేశంలో పక్షుల పరిస్థితి మీద 2023లో వచ్చిన నివేదిక దాదాపు 30,000 మంది రాసి పంపిన సుమారు 3 కోట్ల నమోదుల మీద నిలబడింది. వాళ్ళలో చాలామంది శాస్త్రవేత్తలు కారు, డాబాలమీద, చెరువుగట్లమీద నిలబడి చూసేవాళ్ళే. మనం దసరాకి వెదుక్కునే పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, బాగా తగ్గిపోతోందని తెలిసింది ఆ రాతల వల్లే. కోకిలలు పెరుగుతున్నాయనీ అందులోనే తేలింది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇంటి దగ్గరి పక్షుల్ని లెక్కపెడతారు. కనీసం 15 నిమిషాలు కూర్చుని చూసి, కాకులూ గోరింకలతో సహా ఎన్ని కనబడితే అన్నీ ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో రాస్తే చాలు. చేయండి, మంచిదే. అయితే ఏడాదిలో ఆ నాలుగు రోజులు మాత్రం. మిగతా రోజులు మీవి.

సరదా ముదిరాక తగిలే జాడ్యాలు కొన్ని ముందే చెప్పాలి. ఈ రంగంలో కూడా పోటీ ఉంది. నేను 300 రకాలు చూశాను, 500 చూశాను అని వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటారు. కారేసుకుని పొద్దున కొల్లేరు, సాయంత్రం ఇంకెక్కడికో పరిగెత్తి, చూసిన పిట్టకి టిక్కు పెట్టి, అది ఏం చేస్తోందో చూడకుండానే బయల్దేరతారు. లక్షల లెన్సు కొని, దాని బాకీ తీరేదాకా ఫొటోలు తీస్తారు. ఫొటో కోసం ఫోన్లో కూతలు వినిపించి పిట్టల్ని రప్పించేవాళ్ళున్నారు, గూడు దగ్గరికి నిచ్చెన వేసేవాళ్ళున్నారు. వాళ్ళకి దూరంగా ఉండండి. మీకు కొనాల్సిన వస్తువంటూ ఉంటే ఒక్క బైనాక్యులర్స్. 8×42 అని ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుంది, 42 మిల్లీమీటర్ల అద్దం తెల్లారేటప్పటి మసక వెలుతురుకి సరిపోతుంది. పన్నెండు రెట్లు, ఇరవై రెట్లు అని షాపువాడు ఊరిస్తాడు. అంత పెద్దది చేతిలో నిలవదు, పిట్టకన్నా మీ చెయ్యి వణుకే ఎక్కువ కనబడుతుంది.

వేపచెట్టు గురించి మెత్తగా చెప్పలేను. ఆ స్థలం అమ్ముడైతే చెట్టు పోతుంది. నీళ్ళు, నేల, చెట్లని కాపాడడానికి పెట్టిన వాల్టా చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, తీసుకున్నారా అని మీరు అడగొచ్చు. అడగండి కూడా. కనీసం గూళ్ళలో పిల్లలున్న నెలల్లో కొట్టకుండా ఆపగలిగినా మేలే. ఆపలేకపోతే, పోయేలోపు ఆ ఒక్క చెట్టుకి ఒక పుస్తకం కేటాయించండి. ఏ కొమ్మ ఎవరిది, కాకి ఎక్కడ గూడు పెట్టింది, పళ్ళు రాలే రోజుల్లో ఎవరెవరు దిగుతున్నారు, మధ్యాహ్నం నీడకి ఎవరు చేరుతున్నారు, అన్నీ. ఆ తర్వాత కూడా డాబా ఎక్కండి. బాధ ఉంటుంది, అయినా ఎక్కండి. గోడలు లేచేటప్పుడు గోరింకలు కంతలు వెదుక్కుంటాయి, పావురాలు ముందే రిజర్వు చేసుకుంటాయి. కుండీలో ఎర్రమందార పెడితే తేనెపిట్ట వచ్చే అవకాశముంది. వేపచెట్టుతో పోలిస్తే ఇది తక్కువే, నేను కాదనను. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడమే కదా మీరు ఇన్నాళ్ళూ చేస్తున్నది.

అన్నట్టు, మీ ఊరి పక్కనే ఉప్పలపాడు ఉంది. పెదకాకాని మండలం, గుంటూరు నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. ఊళ్ళోనే చిన్న చెరువు, మధ్యలో చెట్లమీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు కిక్కిరిసి ఉంటాయి. చలికాలంలో వెళ్తే మంచిది. ఏడులోపు చేరండి, ఎండ మీ వీపువైపు ఉండేలా నిలబడండి, లేకపోతే అన్నీ నల్లగానే కనబడతాయి. ఒక్కచోటే గంటసేపు ఉండండి, ఒకే గూడు చూడండి. పక్కన ఎవరో ఒకరు, "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయండీ" అంటారు. పేపర్లలో కూడా అలాగే రాస్తుంటారు. కొన్ని బాతులు నిజంగానే హిమాలయాల అవతలి నుంచి వస్తాయి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మాత్రం మన దేశంలోనే పుట్టి పెరిగి, నీళ్ళున్నచోటికి మారుతుండేవి. ఆయనతో వాదన పెట్టుకోకండి. రెండు నెలలాగి మళ్ళీ వెళ్ళి, అదే గూట్లో పిల్లలున్నాయేమో చూసి, ఉంటే తేదీ వేసి రాసుకోండి.